మూఢంలో తగ్గిన లాగు

అవ్వ సంవత్సరీకం ముగిసిన మర్నాడు అమ్మ ఆమె ట్రంకుపెట్టె తెరిచింది. ఏడాదిగా దాన్ని ఎవరమూ ముట్టుకోలేదు. ముట్టుకుంటే అవ్వ ఎక్కడి నుంచో "యాడ చెయ్యి పెడతాండారు?" అని అరుస్తుందేమోనని నాకు లోపల్లోపల భయం. మూత లేవగానే నాఫ్తలీన్ ఉండలూ, వక్కపొడీ, పాత పట్టూ కలిసిన వాసన గుప్పుమంది. రెండు పట్టుచీరలు, కళ్లజోడు, నాలుగు పాత పంచాంగాలు. వాటి అడుగున, తెల్లపంచె ముక్కలో పసిబిడ్డను చుట్టినట్టు చుట్టిపెట్టిన ఒక ఖాకీ లాగు. మోకాళ్ల కిందిదాకా వచ్చే పొడవు, నడుముకు బొందు, రెండు వైపులా జేబులు.

అమ్మ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూసింది. "ఇదెవురిదే? మీ నాయనకు చిన్నప్పుడు గూడా ఇంత పొడుగు లాగు కుట్టించింటారా?"

"నాయనది కాదు, నాది" అన్నాను.

అమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. నాకు ముప్పై దాటి చాలా కాలమైంది, ఒక కొడుకు తల్లిని. "నువ్వెప్పుడు లాగు ఏసినావే?"

"వెయ్యలేదు. అదే గదా కథ."

మాది మార్కాపురం బజార్లో స్టీలు సామాన్ల దుకాణం. ముందర దుకాణం, దాని వెనక గోడౌను, దాని వెనక వంటిల్లు, ఆఖరున ఒక గది. అన్నీ రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. ఆ ఇంట్లో పుట్టినవాళ్లకు నిశ్శబ్దం అంటే ఏమిటో తెలియదు. పొద్దున షట్టరు లేచిన దగ్గర్నుంచి గిన్నెలు దించే చప్పుడు, బిందెలు దొర్లే చప్పుడు, కొన్నవాళ్ల పేర్లు చెక్కే మిషను గిర్రుమనే చప్పుడు. కొత్త స్టీలుకు అంటుకున్న పాలిషు వాసన మా అన్నంలో కూడా వచ్చేదని మా బంధువులు ఎగతాళి చేసేవాళ్లు. అవ్వ మా నాయనను కన్నతల్లి. గోడౌనుకూ వంటింటికీ మధ్య గడప మీద వక్క నములుతూ కూర్చునేది. ఎవరైనా గంగాళం ఎత్తుకుపోతుంటే ఆపి, వేలి కణుపుతో టంగుమని కొట్టి, "ఇది పల్చన, బరువుది ఇయ్యిరా" అనేది. కళ్లు మసకబారాక కూడా ఆ చెవి మాత్రం చెడలేదు. ఆ చెవే తర్వాత నా కొంప ముంచబోయి, చివరికి గట్టెక్కించింది.

నేను ఇంజనీరింగు పూర్తిచేసి ఉద్యోగం లేక ఇంట్లో కూర్చున్న రోజులవి. ఆఖరి గదిలో నాకొక కంప్యూటర్ ఉండేది. నాయన ఇంటర్నెట్టు పెట్టించాడు గానీ, ఆ వైఫై డబ్బాను మాత్రం దుకాణంలో, తన గల్లాపెట్టె పక్కనే టెలిఫోను దగ్గర పెట్టించాడు. "బిల్లు కట్టేది నేను. ఆ పచ్చలైటు నా కండ్ల ముందర ఎలగాల" అన్నాడు. గోడకు బెజ్జం కొట్టి వైరు లాగుదామంటే, ఆ మూల ఈశాన్యం, బెజ్జం పడితే లక్ష్మి ఆ బెజ్జంలోంచే పోతుందని తల్లీకొడుకులు ఇద్దరూ ఒక్క మాటగా చెప్పారు. లక్ష్మి అంత సన్నగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. సరే, గాలిలో వచ్చేదే చాలనుకున్నాను.

ఆ గాలి మీదనే నేను ఒక తుపాకుల ఆట ఆడేదాన్ని. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు, ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని ఆడాలి. మా జట్టుకు కెప్టెన్ బేస్తవారిపేటలో పశువుల డాక్టరు దగ్గర కాంపౌండరు. అతను మాట్లాడుతుంటే వెనక మేకలు అరిచేవి. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. నన్ను "మార్కాపురం అక్క" అనేవాళ్లు, అంతే. అయినా ఆ రోజుల్లో నా కోసం ఎదురుచూసే మనుషులు ఈ భూమ్మీద వాళ్లే. మిగతా అందరూ ఉద్యోగం వచ్చిందా, సంబంధం కుదిరిందా అని అడిగేవాళ్లు. వీళ్లు మాత్రం "అక్కా, ఎడమ పక్క చూసుకో, నువ్వుంటే మాకు ధైర్యం" అనేవాళ్లు. ఆ మాట కోసం నేను పగలంతా గిన్నెలు తుడవడానికి కూడా సిద్ధమే.

నన్ను జట్టులోకి తీసుకున్నది మూఢంలో. మూఢంలో పెళ్లిళ్లుండవు గనక దుకాణం ఖాళీ, నాయనకు దిగులు, నాకు మాత్రం ఆట బ్రహ్మాండం. మనం ఇక్కడ నొక్కింది అక్కడికి చేరి జవాబు రావడానికి పట్టే సమయాన్ని పింగు అంటారు. అది ఎంత తక్కువైతే అంత మంచిది, పెరిగితే ఆట వెనకబడిపోతుంది, దాన్నే లాగ్ అంటారు. మూఢంలో నా పింగు అరవై. మూఢం పోయి ముహూర్తాలు మొదలయ్యాయో లేదో, నాలుగొందలు, అయిదొందలు, మళ్లీ డెబ్బై, మళ్లీ ఆరొందలు. యర్రగొండపాలెం బస్సే నయం, అది రాకపోతే రాదని ముందే తెలుస్తుంది. నేను తుపాకి పేల్చేసరికి అవతలివాడు నన్ను చంపి, వేరే వీధిలోకి వెళ్లిపోయి ఉండేవాడు.

"అక్కా, నువ్వు గోడకు మొకం పెట్టి నడస్తాండావు" అనేవాడు కెప్టెన్.

"లాగ్! లాగ్ వస్తాంది! లాగ్!" అని నేను అరిచేదాన్ని. చెవులు మూసుకున్న మనిషి గొంతు తనకు తెలియదు గదా, ఆ అరుపు గోడౌను దాటి బజారు దాకా వినిపించేదట.

ఒకరోజు కెప్టెన్ నసుగుతూ చెప్పాడు. "ఏమనుకోవాకక్కా. వచ్చే నెలాఖర్న ఆదివారం పోటీ ఉండాది. ఆలోపల నీ లాగ్ పోకుంటే ఇంకొకరిని చూసుకోవాల్సొస్తాది." వెనక ఒక మేక కూడా అదే చెప్పినట్టు అరిచింది. ఆ రోజు నేను అన్నం తినలేదు.

దాంతో రోగం కనిపెట్టే పనిలో పడ్డాను. ఇంజనీరింగు చదివిన దాన్ని, ఆ మాత్రం చేయలేనా అని పౌరుషం. ఇంటర్నెట్టులో వెతికితే మైక్రోవేవు పొయ్యి దూరంగా పెట్టండి అన్నారు. మా ఇంట్లో ఉన్నది గ్యాసుపొయ్యి, అవ్వ కుంపటి. వైఫై ఛానెలు మార్చమన్నారు, మార్చాను. ఆ పూట నాయన టీవీ వైపు అనుమానంగా చూశాడు. డబ్బాను ఎత్తులో పెట్టమంటే నాయన దాన్ని తీసి గల్లాపెట్టె పైన లక్ష్మీదేవి పటం పక్కన పెట్టాడు, రోజూ దానికీ ఒక అగరుబత్తి దక్కింది. ఫోను లైన్‌మ్యాన్ వచ్చి తీగ పట్టుకుని ఊపి, "పెండ్లిండ్ల దినాలు గదా సెట్టీ, అందురూ ఫోన్లు చేసుకుంటారు, లైను బరువెక్కతాది" అని చెప్పి, ఒక టిఫిను డబ్బా కొనుక్కుని వెళ్లాడు.

ఏ వేళలో ఎంత పింగు వస్తుందో రాసిపెట్టుకుంటే గుట్టు తెలుస్తుందని ఎక్కడో చదివాను. దేశమంతటికీ పలకలు పంపే మా ఊళ్లో రాసుకోవడానికి పలకలకు కరువా? ఒకటి గోడకు తగిలించి బలపంతో రాయడం మొదలుపెట్టాను. వారం తిరక్కుండానే శుక్రవారం పొద్దున అవ్వ తడిగుడ్డతో దాన్ని నిగనిగలాడేట్టు తుడిచేసింది. "పలక మీద గీతలుంటే సరస్వతికి ఊపిరాడదే" అంది. మళ్లీ రాశాను, మళ్లీ శుక్రవారం వచ్చింది. ఇక లాభం లేదని వంటింట్లో గోడ క్యాలెండరు మీద, అమ్మ పాలలెక్క, గ్యాసుబండ వచ్చిన రోజు రాసుకునే గళ్లల్లోనే మూలగా పింగు అంకె రాయసాగాను. దేవుడి బొమ్మ ఉన్న క్యాలెండరు జోలికి అవ్వ పోదు.

ఒక సాయంత్రం అవ్వ కళ్లజోడు పెట్టుకుని ఆ క్యాలెండరు ముందు చాలాసేపు నిలబడింది. ఆమెకు అక్షరాలు అంతంత మాత్రం, అంకెలు మాత్రం కంఠతా వచ్చు.

"అమ్మీ, ఈ అంకెలేందే? ముహూర్తాలుండే వారంలోనే పెద్దయి పడతాండాయి. ముహూర్తం లేని దినాల్లో చిన్నయి."

చూశాను. నిజమే. ఒక్కటి తప్పకుండా నిజం. నాకు ఒళ్లు మండింది. పంచాంగానికీ పింగుకూ సంబంధం ఉందని ఒప్పుకుంటే నా పట్టా చించి పొయ్యిలో పెట్టుకోవాలి.

"గ్రహాలే అమ్మీ! గ్రహాల ముందర నీ డబ్బా ఎంత?" అంది అవ్వ, నా సర్టిఫికెట్టు ఉన్న ఫ్రేము వైపు జాలిగా చూస్తూ.

ఆ తర్వాత రెండు రోజులకు అవ్వ నా పక్కన వచ్చి కూర్చుంది. నేను అప్పుడే ఇంకొక ఆట ఓడి, లాగ్ లాగ్ అని అరిచి అలసిపోయి ఉన్నాను. ఆ సంభాషణ నాకు మాట పొల్లుపోకుండా గుర్తుంది, ఎందుకంటే ఇప్పటికి కొన్ని వందల సార్లు తలుచుకుని నవ్వుకున్నాను.

"అమ్మీ, ఆటంతా ఆ లాగు మీదనే ఉండాదా?"

"అంతా దాని మీదనే ఉండాదవ్వా."

"ఆ ఆడే పిలకాయలు గూడా అదే అంటాండారా?"

"వాళ్లే అంటాండారు. లాగ్ సంగతి చూసుకోకుంటే ఇంక రావద్దంటాండారు."

అవ్వ వక్క నమలడం ఆపేసింది. "మీ నాయనకు చెప్పినావా?"

"నాయనకు అర్థం కాదులే అవ్వా."

"కాదు. వాడు ఒప్పుకోడు" అని నిట్టూర్చి, కొంగు ముడిలోంచి ఒక దారం తీసి నా నడుముకు చుట్టి, ముడివేసి గుర్తు పెట్టుకుంది. ఏ గుడిలోనో రక్షతాడు కట్టిస్తుందనుకున్నాను. గ్రహాల మీద ఆమె యుద్ధం ఆమెది, నా యుద్ధం నాది అనుకుని మళ్లీ ఆటలో పడ్డాను.

నా యుద్ధం ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి తేలిపోయింది. పింగు మూడొందల ఎనభైలో ఉంది. చూస్తుండగానే డెబ్బైకి పడిపోయింది. అర నిమిషం చూశాను, డెబ్బయ్యే. లేచి దుకాణంలోకి పరుగెత్తాను. పామూరు వైపు నుంచి వచ్చిన పెళ్లివాళ్లు సారె సామాను కొన్నారు. రెండు పెద్ద గంగాళాలు, డజను బిందెలు అప్పుడే గోడౌనులోంచి బయటికి వచ్చాయి. నాకు దీపం వెలిగినట్టయింది. పెళ్లిళ్లు వస్తే నాయన సరుకు తెప్పిస్తాడు. సరుకు గోడౌనులో నేల నుంచి కప్పు దాకా స్టీలు గోడలా లేస్తుంది. ఆ గోడకు ఆ పక్క వైఫై డబ్బా, ఈ పక్క నేను! పెళ్లి సామాను అమ్ముడైనప్పుడల్లా గోడ తగ్గి గాలి దూరుతుంది. గ్రహాలూ కాదు, లైన్‌మ్యానూ కాదు, మా అన్నం పెట్టే గిన్నెలే.

కానీ ఒకసారి చూస్తే చాలదు, తిరిగి పరీక్షించాలి గదా. కొన్న గంగాళం ఎత్తుకుని మెట్టు దిగుతున్న పెద్దమనిషికి అడ్డం పడ్డాను.

"పెద్దనాయనా, ఆ గంగాళం ఒక్కసారి లోపల పెట్టండి. ఒక్క నిమిషం. మళ్లా తీస్కపోదురు."

ఆయన బిత్తరపోయి నాయన వైపు చూశాడు. "ఏంది సెట్టీ ఇది? కూతురి పెండ్లికి కొన్న సామాను గడప దిగినాక ఎనక్కి పెట్టమంటాంది పాప?"

శుభం పలకమంటే ఇదేదో పలికినట్టయింది. నాయన ముఖం ఎర్రబడింది. ఆ పెద్దమనిషిని కూర్చోబెట్టి, సోడా తెప్పించి, కొబ్బరికాయ కొట్టించి, ఒక పాలగిన్నె ఊరికే ఇచ్చి పంపాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఇంగోసారి గోడౌనులో అడుగు పెట్టినావంటే ఆ కంప్యూటర్‌ను పాత ఇనుముకు ఏస్తా. బువ్వ పెట్టే సామాన్లను అడ్డమంటావా?" నా సిద్ధాంతం చెప్పకుండానే గదిలోకి వచ్చి పడ్డాను. చెప్పొద్దూ, ఆ రోజు నాయన మీద చాలా కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన నన్ను కొట్టకపోవడమే గొప్ప.

పోటీ ఆదివారం రానే వచ్చింది. ఆ వారంలోనే మూడు ముహూర్తాలు. గోడౌనులో కప్పు కనపడనంత సరుకు. పొద్దున పదికి ఆట. పావుతక్కువకు పింగు చూస్తే నాలుగొందల యాభై. నేను కుర్చీలో కూర్చుని నిశ్శబ్దంగా ఏడుస్తున్నాను. అప్పుడు అవ్వ వచ్చి తలుపు దగ్గరగా వేసింది. కొంగు చాటు నుంచి ఒక కాగితం పొట్లం తీసింది. విప్పితే ఈ ఖాకీ లాగు.

"దర్జీ మస్తాను చేత కుట్టించినా. బిరాన ఏసుకో. మీ నాయన రాకుండా తలుపు కాడ నేనుంటా. టీవీలో సూస్తాండా గదా, ఆటగాళ్లందురూ లాగులే ఏస్తారు. లాగు లేక ఓడిపోతాంది నా మనమరాలని నాకు నిద్ర పట్టడం ల్యా."

ఆడపిల్ల గట్టిగా నవ్వితేనే కసిరే మనిషి. ఎవరి కంటా పడని వేళ చూసి, చెప్పుల్లేకుండా దర్జీ కొట్టుకు నడిచిపోయి, ఎవరికని అడిగితే అబద్ధమాడి, నాకు లాగు కుట్టించింది. నాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ కలిసి ఎక్కిళ్లు వచ్చాయి.

"లాగు కాదవ్వా. లాగ్. అంటే ఆలస్యం. గోడౌనులో గంగాళాలు అడ్డం ఉండాయి, గాలి రావడం ల్యా. అంతే."

అవ్వ నన్ను చూసింది, చేతిలోని లాగును చూసింది. "ఇంతేనా? ఈ మాట చెప్పేదానికి ఇన్ని దినాలు నోట్లో ఏం పెట్టుకోనుంటివే?" అని గిరుక్కున తిరిగి దుకాణంలోకి నడిచింది. కాసేపటికి నాయనను పిలుస్తూ ఆమె గొంతు వినపడింది. "ఒరే సుబ్బయ్యా! గంగాళాలన్నీ బయట పెట్టు."

"ఇప్పుడెందుకమ్మా?" అన్నాడు నాయన.

"సామాను చీకట్లో పెట్టి బేరాలకు ఎదురుచూస్తావేందిరా? లక్ష్మి బజార్లో నాలుగు కండ్లకు కనపడాల. పెట్టు!"

తల్లి మాటకు ఎదురు చెప్పే అలవాటు నాయనకు లేదు. ఆ తర్వాత వచ్చిన చప్పుడు మా బజారు ఎన్నడూ విని ఉండదు. గంగాళాలు, బిందెలు, ఇడ్లీ పాత్రలు, డేగిసాలు ఒకదాని వెనక ఒకటి దొర్లుకుంటూ వీధిలోకి పోతున్నాయి. "అక్కా, ఏందా సప్పుడు? మీ ఇంటి మీద ఎవురన్నా పడినారా?" అన్నాడు కెప్టెన్ కంగారుగా. నేను అంకె వంక చూస్తున్నాను. నాలుగొందల యాభై. మూడొందలు. నూట తొంభై. తొంభై. అరవై రెండు.

ఓడిపోయాం.

మంచి పింగు మీద, ఏ అడ్డమూ లేకుండా, చక్కగా, గౌరవంగా ఓడిపోయాం. ఆఖరి ఆటలో మిగిలింది నేనొక్కదాన్నే. అవతలివాడు స్పష్టంగా కనిపించాడు, నేను స్పష్టంగా గోడకు కాల్చాను.

"అక్కా, లాగ్ ఉండిన్యా?" అని అడిగాడు కెప్టెన్. ఊ అంటే సరిపోయేది, అందరూ నమ్మేవాళ్లు. ఇన్ని నెలలూ అదే అంటున్నాను గదా.

"లేదబ్బా. నేనే తప్పు కొట్టినా."

అవతల కెప్టెన్ మేకలను అదిలించాడు. తర్వాత అతను, "సరే. రేపు సాయంత్రం అయిదుకు రా. ఎడమ పక్క మళ్లా నువ్వే" అన్నాడు.

బయటికి వచ్చేసరికి వీధి నిండా స్టీలు మెరుస్తోంది. ఏదో తగ్గింపు ధరల అమ్మకమనుకుని జనం మూగారు. నాయన చెమటలు కారుతూ, మురిసిపోతూ, "మాయమ్మ తెలివే తెలివి" అని అందరికీ చెబుతున్నాడు. ఆనాటి నుంచి మా దుకాణంలో ఆదివారం గంగాళాలు బజార్లోనే. అవ్వ గడప మీద కూర్చుని నన్ను అడిగింది.

"గెలిచినావా?"

"ఓడిపోయినానవ్వా."

"ఆ ఆలస్యం ఉండిన్యా?"

"ల్యా."

అవ్వ తృప్తిగా తల ఊపింది. "మరి నేను తెచ్చిన లాగు ఏసుకుంటివా? ఏసుకోల్యా. అందుకే ఓడినావు. దాచిపెడతాలే, ఇంగో ఆట రాకపోతాదా."

అలాంటి ఇంకో పోటీ వచ్చేలోపే నాకు ఒంగోలులో ఉద్యోగం వచ్చింది. ఆఫీసుల్లో నెట్‌వర్కులు సరిచేసే పని. ఎక్కడికి వెళ్లినా వైర్ల కంటే ముందు, "ఈ గోడకు ఆ పక్క ఏముంది?" అని అడుగుతాను. బీరువానో, నీళ్లట్యాంకో, గుళ్లో అయితే హుండీయో, ఏదో ఒకటి ఉంటుంది. ఇప్పుడు మా ఇంట్లో నా కొడుకు ఆడుకుంటాడు, పింగు తొమ్మిది దాటదు. వాడికి అరవవలసిన పని లేదు. వాడు ఎందుకు ఓడాడో, ఎందుకు ముఖం ముడుచుకున్నాడో ఇంట్లో ఎవరికీ తెలియదు, నాతో సహా. మార్కాపురం ఇంట్లో ఏ లోపమొచ్చినా ఇరుగుపొరుగుకు కూడా వినపడేది. అది మంచిదా అని అడిగితే చెప్పలేను. కానీ వినేవాళ్లు ఉండేవాళ్లు, అది మాత్రం చెప్పగలను.

అమ్మ లాగును వెలుతురుకు పట్టి చూస్తూ, "ఇదేందే, ఈడ కుట్లు ఇప్పి మళ్లా ఏసినారు?" అంది. తీసుకుని చూశాను. నడుము దగ్గర రెండు వైపులా కుట్టు విప్పి గుడ్డ వదిలిన గుర్తులు. ఒకసారి ఖాకీ దారంతో, ఇంకోసారి నల్ల దారంతో. నా పెళ్లయిన ఏడాది పండక్కి వచ్చినప్పుడు అవ్వ నా నడుముకు దారం చుట్టి ముడి వేసుకుంది. కొడుకు పుట్టాక వచ్చినప్పుడు ఇంకోసారి. రెండుసార్లూ రక్షతాడుకేమోనని నేను కదలకుండా నిలబడ్డాను. రెండుసార్లూ తాడు ఏదీ రాలేదు, నేనూ అడగలేదు.

గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని, లాగు తొడుక్కుని బొందు బిగించాను. సరిగ్గా సరిపోయింది.